అమ్మమ్మలకూ ఒక పూట శిక్షణ కావాలి



నేను రియాద్‌లో స్టాఫ్ నర్సుని. మావారు జుబైల్‌లో. మా పిల్లలిద్దరూ, అమ్మాయికి 13, అబ్బాయికి 7, పశ్చిమ గోదావరిలో మా అమ్మ దగ్గర పెరుగుతున్నారు. ఇక్కడికే తెచ్చుకోవచ్చుగా అనేవాళ్లకి ఒక లెక్క చెబుతాను. సౌదీ ప్రభుత్వం 2017 జూలైలో, వెంట ఉండే ఒక్కో కుటుంబ సభ్యుడికి నెలకు 100 రియాళ్ల రుసుము పెట్టింది. ఏటా వంద చొప్పున పెంచి 2020కల్లా 400 చేసింది. ఇద్దరు పిల్లలంటే నెలకు 800. స్కూలు ఫీజు, ఇంటద్దె ఆ తర్వాతి సంగతి.

మొన్న చిన్నాడికి జ్వరం. నైట్ డ్యూటీ దిగి వీడియో కాల్ చేస్తే, అమ్మ పారాసిటమాల్ సిరప్పు స్టీలు స్పూనులో వంచుతోంది. "సీసా ఇలా చూపించమ్మా" అన్నాను. ఇంట్లో ఇంతకుముందు ఉన్నది 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములది, ఇప్పుడు తెచ్చింది 250ది. పేరు ఒకటే. "ఎప్పుడూ ఇచ్చే రెండు చెంచాలేగా" అంది. నలుగుర్ని పెంచిన మనిషి, అజాగ్రత్త కాదు. సీసా మీద అంకె చూడాలని ఆవిడకి ఎవరూ చెప్పలేదు, నర్సునై ఉండి నేనూ చెప్పలేదు. వాడు బడి మానాడు కాబట్టి దొరికాడు గానీ, మామూలుగా నేను డ్యూటీ దిగేసరికి అక్కడ పది దాటుతుంది, పిల్లలు బళ్లో ఉంటారు.

2018 నుంచి మన విదేశాంగ శాఖ గల్ఫ్‌కి పనికెళ్లేవారికి ఒక రోజు శిక్షణ ఇప్పిస్తోంది. అందులో చెప్పేదంతా విమానం ఎక్కే మనిషికే. బిడ్డను చంకనేసుకుని గుమ్మంలో నిలబడే మనిషికి ఏమీ లేదు. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండితే గాని ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఇవ్వరు. ఆ వయసుకి వెనక పిల్లలుంటారని ప్రభుత్వానికి తెలియదా?

మేం డబ్బు అడగడం లేదు. అమ్మానాన్నా లేకుండా బంధువుల ఇళ్లలో పెరిగే పేద పిల్లలకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. అది వాళ్లకే అందాలి. మేం నెలనెలా పంపుకుంటున్నాం.

శ్రీలంక 2013లో ఒక పద్ధతి పెట్టింది. పనికెళ్లే తల్లి, తన వెనక పిల్లల్ని ఎవరు చూస్తారో చూపిస్తూ కుటుంబ నివేదిక ఇవ్వాల్సి వచ్చేది. తండ్రిని మాత్రం ఎవరూ అడగలేదు! ఐదేళ్లలోపు పిల్లలున్న తల్లుల్ని ఆపడానికే అది పనికొచ్చింది. అలాంటిది మనకొద్దు.

నేను అడిగేది చిన్నదే. ఊళ్లో డ్వాక్రా సంఘాలు ఎలాగూ కూర్చుంటాయి. నెలలో ఒక పూట మనవల్ని పెంచుతున్న అమ్మమ్మల్ని, నానమ్మల్ని, మేనత్తల్ని అక్కడ కూర్చోబెట్టాలి. మందు కొలత ఏఎన్ఎం చెబుతుంది. పెద్దమనిషైన పిల్లని మూల కూర్చోబెట్టి పరీక్షలు పోగొట్టకూడదని హైస్కూలు టీచరమ్మ చెబుతుంది (మా ఇంట్లో జరిగిందే). ఓటీపీ ఎవరికీ ఎందుకు చెప్పకూడదు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎప్పుడు ఫోన్ చేయాలి, ఫోన్లో అమ్మతో మాట్లాడనని బిడ్డ మొండికేస్తే ఏం చేయాలి, ఇవీ ఉండాలి. వచ్చినవాళ్ల బీపీ కూడా అక్కడే చూడాలి. సంతకాల సంగతి మరొకటి. గార్డియన్ అని ఏ కాగితం చూపించినా బడిలో "తల్లో తండ్రో రావాలి" అంటున్నారు. ఊరు వదిలేముందే చెల్లుబాటయ్యే ఒక కాగితం పంచాయతీలో రాయించుకునే వీలుండాలి. రియాద్, జెద్దా, దమ్మాంలలో మన తెలుగువాళ్లం ఉగాదికీ సంక్రాంతికీ హాళ్లు మాట్లాడుకుంటాం. ఒక పండగ ఖర్చులో కొంత ఇటు తిప్పితే టీలకీ, ఆటో చార్జీలకీ సరిపోతుంది.

ఈ మాట అమ్మతో అంటే "ఈ వయసులో నాకు క్లాసులేంటే" అని నవ్వింది. రెండు రోజులాగి తనే ఫోన్ చేసి, పక్కవీధిలో కువైట్ వెళ్లినవాళ్ల పిల్లల్ని పెంచుతున్న ఆవిడ కూడా రావచ్చా అని అడిగింది.

— ఒక స్టాఫ్ నర్సు, రియాద్