కొండ ఎక్కితే వచ్చే ఆయాసమంతా కొండది కాదు



కార్తీకం మొదలుకొని ఉగాది వరకు నన్ను కలిసేవారిలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: "డాక్టరుగారూ, శ్రీశైలం వెళుతున్నాం, కాస్త అడవిలో నడవాలని ఉంది, నడవవచ్చునా?" ఉద్యోగ విరమణ చేసి ఏళ్ళు గడిచినా మా కారంపూడిలో ఈ ప్రశ్న నన్ను వదలలేదు. వెళ్ళవద్దని నేను ఎవరికీ చెప్పను. అయితే వెళ్ళేముందు ఒక విషయం తెలుసుకొని వెళ్ళమంటాను. ఆ విషయం నాకు తెలిసివచ్చిన తీరు సంతోషకరమైనది కాదు. ఇన్నేళ్ళూ వ్రాయడానికి మనసొప్పలేదు. ఈ సంక్రాంతికి జరిగిన దానితో వ్రాయక తప్పలేదు.

మా అబ్బాయి అమెరికా నుండి సెలవు మీద వచ్చాడు. కోడలు, పదహారేళ్ళ మనవడు, మా అక్కయ్య కొడుకు, నేను, ఐదుగురం ఒక కారులో తెల్లవారుజామున బయలుదేరాము. కారంపూడి నుండి ఈపూరు మీదుగా వినుకొండ, అక్కడి నుండి త్రిపురాంతకం, దోర్నాల. త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారం. పూర్వులు ఇక్కడి నుండే అడవిలోకి కాలినడకన ప్రవేశించేవారు; మనము ఇక్కడ టీ త్రాగి బయలుదేరుతున్నాము. దోర్నాల దాటాక సుమారు యాభై కిలోమీటర్లు నల్లమల. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం అంటే ఇదే. మన రాష్ట్రంలో జాతీయ ఉద్యానాలన్న హోదా 1989లో తిరుపతి దగ్గరి శ్రీ వేంకటేశ్వర ఉద్యానానికీ, 2008లో పాపికొండలకూ దక్కింది గాని, పల్నాటివారికి గడపలో ఉన్న మహారణ్యం మాత్రం నల్లమలే. రాత్రి తొమ్మిది దాటితే దోర్నాల చెక్‌పోస్టు వద్ద వాహనాలను ఆపివేస్తారు. చాలామంది విసుక్కుంటారు. అది మృగాల దారి, రాత్రిపూట వాటికి వదలడం న్యాయమే.

ఘాట్ రోడ్డులో నేను చూసిన వాటిని రెండు మాటలలో చెప్పి అసలు విషయానికి వస్తాను. మలుపు మలుపునా కార్లు ఆపి కోతులకు అరటిపళ్ళు, బిస్కెట్లు విసరుతున్నారు. పుణ్యమని భ్రమ. చేతిలోని సంచీ కోసం కోతి మీద పడితే పిల్లవాడి చేయి గీరుకుపోతుంది. కోతి కాటు కూడా రేబిస్ విషయంలో కుక్కకాటుతో సమానమే. గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే టీకా మొదలుపెట్టాలి. పసుపు, సున్నం పెట్టి ఇంటికి వెళ్ళాక చూద్దామనుకోవడం ప్రాణాంతకం. ఇక వాంతుల సంగతి. వినుకొండలో పూరీలు, మిరపకాయ బజ్జీలు తిని మలుపులెక్కితే ఎవరికైనా కడుపు తిప్పుతుంది. రెండు ఇడ్లీలు తిని, ముందు సీటులో కూర్చొని, ఫోను చూడకుండా దూరంగా చూపు నిలిపితే చాలా వరకు తగ్గుతుంది. వాంతుల మాత్ర నిద్ర తెప్పిస్తుంది కనుక కారు నడిపేవారు మాత్రం వేసుకోకూడదు.

మరొక మాట, ఇది వైద్యం కాదు, నా అభిప్రాయం. దారిలో ఎక్కడ ఆగినా "నాన్నా, మీరు కారులో కూర్చోండి, మేము చూసి వస్తాం" అనే కొడుకులను ఆనాడు కనీసం నలుగురిని చూశాను. అద్దాలు బిగించిన కారులో ఎనభై ఏళ్ళ తండ్రి, చేతిలో ఒక నీళ్ళ సీసా. ఎండలో నిలిపిన కారు లోపల వేడి నిమిషాలలో పెరుగుతుంది, జనవరి అయినా సరే. గంటల తరబడి కదలకుండా కాళ్ళు వ్రేలాడేసి కూర్చుంటే పాదాలు వాస్తాయి, సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంటుంది. ఆ పెద్దాయన నడవగలిగినంత దూరం, అది ఇరవై అడుగులైనా, చేయిపట్టి నడిపించండి. మీరు జలపాతం చూడడం పది నిమిషాలు ఆలస్యమైతే నష్టమేమీ లేదు.

హాటకేశ్వరం వైపు నుండి కైలాసద్వారం చేరుకున్నాము. తెలియనివారి కోసం చెబుతాను. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం వద్ద పైకెక్కే దారి శ్రీశైలానికి ప్రాచీనమైన కాలిబాట. శివరాత్రికి, ఉగాదికి నేటికీ వేలాదిమంది ఈ దారిన నడిచి వస్తారు. ఉగాదికి వచ్చేవారిలో కన్నడ భక్తులే అధికం. రెడ్డిరాజులలో మొదటివాడైన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించినట్లు చరిత్ర చెబుతున్నది. కైలాసద్వారం నుండి క్రిందికి దిగితే లోయలో భీముని కొలను. ఇరువైపులా నిట్టనిలువు బండలు, మధ్యలో నీటి చప్పుడు, టేకు, నల్లమద్ది, వెదురు. ఇంతకంటే మంచి నడక మన ప్రాంతంలో నాకు తెలిసి మరొకటి లేదు.

ఈ దారికి ఒక ప్రత్యేకత ఉంది. మామూలు కొండకు ముందు ఎక్కుడు, తర్వాత దిగుడు. అలసినవాడు సగంలోనే వెనుదిరుగుతాడు. ఇక్కడ ముందు దిగుడు. హాయిగా, కబుర్లు చెప్పుకుంటూ దిగిపోతాము. ఎక్కవలసింది అలసిన తర్వాత, ఎండ ముదిరిన తర్వాత. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ కూడా ఇటువంటిదే. మావాడు కొన్నేళ్ళ క్రితం నన్ను అక్కడికి తీసుకువెళ్ళాడు. ఒక్క రోజులో అడుగున ఉన్న నది దాకా దిగి తిరిగి ఎక్కే ప్రయత్నం చేయవద్దని బాట మొదట్లోనే హెచ్చరిక బోర్డులు పెట్టారు. ఉన్న నీటిలో, ఓపికలో మూడోవంతు దిగడానికి, మిగిలిన రెండు వంతులు ఎక్కడానికి అని అక్కడివారి లెక్క. మన కైలాసద్వారం దగ్గర కూడా అటువంటి బోర్డు ఒకటి, తెలుగులోను కన్నడంలోను, పెద్ద అక్షరాలతో ఉండాలని నా కోరిక.

ఇప్పుడు 1993 సంగతి. అప్పుడు నేను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. వయసు నలభై మూడు. మా అక్కయ్య, బావ, మరి కొందరు బంధువులతో కలిసి బస్సులో శ్రీశైలం వెళ్ళి, ఇదే దారిన భీముని కొలనుకు దిగాము. బావకు యాభైనాలుగేళ్ళు. పొలం మనిషి, బలిష్ఠుడు. మధుమేహం ఆరేడేళ్ళుగా ఉన్నది, మాత్రలు గుర్తున్నప్పుడు వేసుకునేవాడు. తిరిగి ఎక్కుతూ మూడుసార్లు ఆగాడు. శీతకాలపు ఉదయం, మాకెవరికీ చెమట లేదు. ఆయన చొక్కా తడిసిపోయింది. దవడ లాగుతున్నదన్నాడు. పుచ్చుపన్ను ఉంది కదా అన్నాను. ఆయాసంగా ఉందన్నాడు. అప్పుడు నేను, వైద్యపట్టా ఉన్నవాణ్ణి, నవ్వుతూ అన్న మాట ఇది: "కొండ మీద గాలి పల్చన బావా, నిదానంగా రా." పదినిమిషాలు కూర్చున్నాక తగ్గింది. పైకి వచ్చాక దర్శనం చేసుకున్నాము, ఫోటో దిగాము. పందొమ్మిదవ నాటి తెల్లవారుజామున ఛాతీ పట్టుకొని కూర్చున్న మనిషి ఆసుపత్రి చేరేలోపే పోయాడు.

పాఠకులు గమనించవలసినది ఇక్కడే. గాలి పల్చబడి ఊపిరి అందకపోవడమనేది సాధారణంగా సముద్ర మట్టానికి రెండువేల ఐదువందల మీటర్లు దాటాక వచ్చే సమస్య. శ్రీశైలం ఊరు సుమారు నాలుగువందల యాభై మీటర్ల ఎత్తున ఉంది. ఈ దారిలో ఎక్కడా వెయ్యి మీటర్లు రావు. నల్లమలలో మీకు ఆయాసం వస్తే ఆ నేరం గాలిది కాదు. అది మీ కండరాల అలవాటులేమి కావచ్చు, రక్తహీనత కావచ్చు, ఊపిరితిత్తులది కావచ్చు, గుండెది కావచ్చు. మీ వయసువారు, మీతో నడిచేవారు మామూలుగా ఉండి మీరొక్కరే ఆగవలసివస్తే, ఎక్కినప్పుడు వచ్చి కూర్చుంటే తగ్గితే, అది గుండెకు రక్తం చాలడం లేదనడానికి గుర్తు కావచ్చు. "కూర్చుంటే తగ్గింది" అన్నది మనకు ఊరట కలిగిస్తుంది. వైద్యుణ్ణి అప్రమత్తం చేయవలసినది ఆ మాటే. మధుమేహం ఉన్నవారికి ఛాతీ నొప్పి రాకపోవచ్చు కూడా; నరాలు మొద్దుబారడం వల్ల కేవలం ఆయాసం, చెమట, దవడలోనో ఎడమ చేతిలోనో లాగుడు, కారణం తెలియని నీరసం, ఇంతే కనిపిస్తుంది. స్త్రీలలోనూ చాలాసార్లు ఇలాగే. ఇది నాకు 1993లో తెలియదని చెప్పలేను. చదువుకున్నదే. బంధువు విషయంలో తోచలేదు, అంతే.

ఈ సంక్రాంతికి మాతో వచ్చిన మేనల్లుడు ఆ బావ కొడుకే. ఇప్పుడు అతనికి సరిగ్గా యాభైనాలుగు. మధుమేహం వచ్చి పదేళ్ళు. దిగేటప్పుడు అందరికంటే ముందు ఉన్నాడు. తిరిగి ఎక్కుతూ నలభై, యాభై మెట్ల తర్వాత ఆగి, మెట్టు మీద చేయి ఆన్చి కూర్చున్నాడు. ముందుగా చక్కెర పడిపోయిందేమోనని చూశాను. మాత్ర వేసుకొని తినకుండా నడిచేవారికి ఈ ప్రమాదం ఎక్కువ. తడబాటు, వణుకు, తికమక మాటలు ఉంటాయి. అందుకే నా జేబులో ఎప్పుడూ బెల్లం ముక్క, గ్లూకోజు పొడి ఉంటాయి. అతను ఇడ్లీ తిన్నాడు, స్పృహగానే ఉన్నాడు. అయినా కొంచెం గ్లూకోజు ఇచ్చాను. మార్పు లేదు. కూర్చున్న అయిదు నిమిషాలకు ఆయాసం దానంతటదే తగ్గింది. లేచి, "ఏం లేదు మామయ్యా, కొండగాలి" అన్నాడు.

ముప్పైమూడేళ్ళ తర్వాత అదే మాట, అదే మెట్ల మీద. నా కాళ్ళు వణికిన మాట నిజం.

నాలుగేసి మెట్లకు ఒకసారి కూర్చోబెడుతూ, అతని సంచీ మనవడికిచ్చి, గంటన్నరలో పైకి తెచ్చాము. ఆ రోజు దర్శనం వద్దన్నాను. అతను ఒప్పుకోలేదు. కారంపూడి మనుషులకు వెనుదిరగడం నామోషీ. పన్నెండవ శతాబ్దంలో మా ఊరి పొలిమేరలో జరిగిన యుద్ధం గురించి వీరుల తిరునాళ్ళలో ఏటా వింటూ పెరిగినవాళ్ళం; పోరులో వెన్ను చూపనివారినే పూజిస్తాం. ఆ పౌరుషం రణరంగంలో ఎంత గొప్పదో నేను చెప్పజాలను గాని, మెట్లమీద ఆయాసపడే మధుమేహరోగికి అది శత్రువు. చివరకు మా అక్కయ్యకు ఫోను చేస్తానని బెదిరించాక కారెక్కాడు. మరునాడే పరీక్షలు చేయించాము. ఇ.సి.జి. మామూలుగానే ఉంది. కూర్చొని ఉన్నప్పుడు తీసే ఇ.సి.జి. మామూలుగా ఉండడంతో చాలామంది ఇంటికి వెళ్ళిపోతారు. ట్రెడ్‌మిల్‌ మీద నడిపించినప్పుడు తేడా బయటపడింది. యాంజియోగ్రాములో ఒక ప్రధాన ధమని చాలావరకు మూసుకుపోయి ఉంది. స్టెంటు వేశారు.

కనుక నలభై అయిదు దాటినవారికి, ముఖ్యంగా మధుమేహం, రక్తపోటు, పొగ అలవాటు, ఇంట్లో గుండెజబ్బు చరిత్ర ఉన్నవారికి నా సలహా ఇది. యాత్ర తేదీ నిర్ణయించుకున్న నాడే నడక మొదలుపెట్టండి, మూడు నెలల వ్యవధి ఉంటే మేలు. మాట్లాడుతూ నడవగలిగే వేగంతో అరగంట, పిమ్మట ముప్పావుగంట. మన పల్నాటిలో సాధనకు కోటప్పకొండ మెట్లున్నాయి. మూడంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కలేనివారు, ఎక్కితే ఛాతీ బిగుసుకునేవారు, యాత్రకు ముందు వైద్యుణ్ణి చూడాలి, యాత్ర తర్వాత కాదు. గంటకు అరలీటరు చొప్పున నీరు, ఒక ఓ.ఆర్.ఎస్. పొట్లం, చేతికర్ర తప్పనిసరి. కర్ర దిగేటప్పుడు మోకాళ్ళను కాపాడుతుంది. మొక్కు ఉన్నా మధుమేహం ఉన్నవారు ఉత్తకాళ్ళతో నడవవద్దు, స్పర్శ తగ్గిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయవద్దు. కరిచిన అవయవాన్ని కదలనీయకుండా విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి తీసుకువెళ్ళడమే చికిత్స. అనుమతించిన దారి దాటి అడవిలోకి పోవద్దని వేరే చెప్పనక్కరలేదు.

మా మేనల్లుడు గుండె వైద్యుడి అనుమతితో మళ్ళీ నడుస్తున్నాడు. మొన్న ఆదివారం కోటప్పకొండ మెట్లు కొన్ని ఎక్కి, ఆయాసం లేదని నిర్ధారించుకొని, దిగి వచ్చాడు. "మామయ్యా, మీరు కింద కారులో కూర్చోండి" అన్నాడు వెళ్ళేముందు. నేను కూర్చోలేదు. అతని వెనుకనే అరవై మెట్లు ఎక్కి, అక్కడ నీడలో కూర్చొని అతను దిగివచ్చే దాకా చూశాను.