బొగ్గు ఏ గడిలో రాయాలి?

నస్పూర్‌లో పెరిగే పిల్లని "బొగ్గు సజీవమా, నిర్జీవమా?" అని అడిగితే రెండో గడిలో రాస్తుంది. మార్కూ పడుతుంది. కానీ ఆ బొగ్గు ఒకప్పుడు అడవి! పాతిక కోట్ల ఏళ్లకు పైగా క్రితం గోదావరి లోయలో పెరిగిన చెట్లు బురదలో కూరుకుపోయి అలా తయారయ్యాయి. శ్రీరాంపూర్ గనుల్లో సింగరేణి తవ్వేది వాటినే. ఇంటి పక్కనే ఇంత పాఠం పెట్టుకుని "కుర్చీకి ప్రాణం లేదు, కుక్కకి ఉంది" అని బట్టీ పట్టించడం ఏంటో!

నన్నడిగితే రెండు గడులు చాలవు. "ఒకప్పుడు ప్రాణం ఉన్నది" అని మూడోది కావాలి. కట్టె, నూలు చొక్కా, బొగ్గు అందులోకి.

"కదిలితే ప్రాణం ఉన్నట్టే" అన్న రూలు ఇంకా ఘోరం. పిల్లలు ఎలాగూ అలాగే అనుకుంటారని పియాజే 1926లోనే రాశాడు. ఆ లెక్కన బొగ్గు లారీకి ప్రాణం ఉన్నట్టు, ఎండు శనగ గింజకి లేనట్టు. (మనమూ "సర్వర్ చచ్చింది" అంటాంగా :-))

గుప్పెడు శనగలూ నాలుగు గులకరాళ్లూ తడిగుడ్డలో మూటకట్టి రెండు మూడు రోజులు ఆగండి. దేనికి ప్రాణం ఉందో పిల్లలే చెబుతారు. మూటలో కాస్త శనగపప్పు కూడా వేయండి. అదెందుకు మొలవలేదని అడిగితే, అప్పుడు మూడో గడి గీయొచ్చు.