తాలు కాయలు ఏరాక మిగిలేది

2024-25 శీతకాలం గుంటూరు, ప్రకాశం జిల్లాలకు రెండు విధాలా కలిసిరాలేదు. అంతకుముందు క్వింటా 20 వేల రూపాయలు దాటి పలికిన మిర్చిని యార్డులో సగం ధరకు అడిగారు. చివరికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. అదే శీతకాలంలో ఆంధ్ర రంజీ జట్టు గ్రూపు దశ దాటలేకపోయింది. గ్రూప్-బి నుంచి విదర్భ, గుజరాత్ ముందుకెళ్లాయి. విదర్భ ఏకంగా ట్రోఫీనే పట్టుకెళ్లింది.

ఈ రెండు నష్టాలూ ఒకటి కావు. మిర్చి ధర పడితే ఇల్లు గడవదు, జట్టు ఓడితే మనసు చివుక్కుమంటుంది, అంతే. అయినా దెబ్బతిన్న ఏడాది తర్వాత ఏం చేయాలో ఈ నేల రైతుకు తెలిసినంతగా క్రికెట్ అభిమానికి తెలియదు. ధర ఎంత పడినా కల్లంలో పోసిన కాయనంతా ఒక్క రాశిగా చూసి ఎవరూ వదిలేయరు. కూలీలను పెట్టి తాలు వేరు చేయిస్తారు, మంచి కాయ ఎంత తేలిందో చూసుకుంటారు. ఓడిన సీజన్‌ను కూడా అలాగే ఏరి చూడాలి. 'వచ్చే ఏడాది మనదే' అనుకోవడం వేరు, మంచి కాయ ఎంతుందో చూసి ధైర్యం తెచ్చుకోవడం వేరు. ఆంధ్ర జట్టుకు కావాల్సింది ఈ రెండోది.

ముందు తాలు సంగతి. ఆంధ్ర గుండె పగిలింది 2024-25లో కాదు, అంతకు ముందే. 2023 ఫిబ్రవరిలో ఇండోర్‌లో మధ్యప్రదేశ్‌తో క్వార్టర్ ఫైనల్. రికీ భుయ్, కరణ్ షిండే సెంచరీలతో తొలి ఇన్నింగ్స్‌లో ఆంధ్ర 379 పరుగులు చేసింది. ఆవేశ్ ఖాన్ బంతికి మణికట్టు విరిగిన కెప్టెన్ హనుమ విహారి, ఎడమచేతి వాటానికి తిరిగి మరీ క్రీజులో నిలబడ్డాడు. ఆ దృశ్యాన్ని దేశమంతా చూసింది. రెండో ఇన్నింగ్స్‌లో మాత్రం జట్టు 93కే కుప్పకూలింది. మరుసటి ఏడాది మళ్లీ ఇండోర్, మళ్లీ క్వార్టర్ ఫైనల్, మళ్లీ మధ్యప్రదేశ్. ఈసారి లక్ష్యం 170. ఆంధ్ర 165 దగ్గర ఆగింది. నాలుగు పరుగుల తేడాతో ఓటమి!

ఆ ఓటమి కంటే ఆ వెంటనే రేగిన రచ్చ ఎక్కువ చేటు చేసింది. కెప్టెన్సీ వదులుకోమని తనను అడిగారనీ, ఇక ఆంధ్రకు ఆడననీ విహారి బహిరంగంగా ప్రకటించాడు. తర్వాత వెనక్కి వచ్చి ఆడాడు గానీ, అలాంటి గాయం ఒక్క సీజన్‌తో మానేది కాదు. ఆంధ్ర వెనకబాటు బ్యాటింగ్‌ది మాత్రమే అనేవాళ్లు ఈ భాగాన్ని దాటేస్తున్నారు. నాలుగు పరుగుల తేడాతో ఓడిన జట్టును మర్నాడు కూర్చోబెట్టి భుజం తట్టాల్సింది పోయి, వీధికెక్కనిచ్చారు. దాన్ని తాలు కిందే తీసి పక్కన పెట్టాలి, మళ్లీ రాశిలో కలవనీయకూడదు.

ఇక మంచి కాయ. 2023-24 రంజీలో దేశం మొత్తమ్మీద అత్యధిక పరుగులు చేసింది ఆంధ్ర బ్యాటరే. రికీ భుయ్, 902 పరుగులు. నిరాశపరిచిన 2024-25లోనూ ఒక ఇన్నింగ్స్ ఉంది. 2024 నవంబరులో హైదరాబాద్‌పై షేక్ రషీద్ చేసిన 203. గుంటూరులో పుట్టిన రషీద్‌కు అప్పటికి ఇరవయ్యేళ్లు నిండి రెండు నెలలు కూడా కాలేదు.

ఈ కుర్రాడి కథను మైదాన ప్రాంతపు పిల్లలందరికీ చెప్పాలి. 2022 అండర్-19 ప్రపంచకప్‌కు వైస్ కెప్టెన్‌గా వెస్టిండీస్ వెళ్లాడు. టోర్నీ మధ్యలో కరోనా సోకింది. కెప్టెన్ యశ్ ధుల్‌తో పాటు గది దాటకుండా మ్యాచ్‌లు పోగొట్టుకున్నాడు. కోలుకుని వచ్చి ఆస్ట్రేలియాతో సెమీఫైనల్లో 37 పరుగులకే రెండు వికెట్లు పడిన స్థితిలో ధుల్‌తో కలిసి 204 పరుగుల భాగస్వామ్యం నెలకొల్పాడు. 94 దగ్గర ఔటయ్యాడు. సెంచరీకి ఆరు పరుగులే తక్కువ, అయినా మూడు రోజుల తర్వాత ఇంగ్లండ్‌తో ఫైనల్లో మళ్లీ అర్ధసెంచరీ కొట్టాడు. కప్పు మనకొచ్చింది.

తర్వాత చెన్నై సూపర్ కింగ్స్ అతన్ని తీసుకుంది. రెండు సీజన్లు బెంచీ మీదే కూర్చోబెట్టి, 2025 ఏప్రిల్ 14న లక్నోలో తొలి అవకాశం ఇచ్చింది. అప్పటికి చెన్నై వరసగా ఐదు ఓడి ఉంది. ఓపెనర్‌గా దిగి 19 బంతుల్లో 27 కొట్టాడు, ఆ రోజు జట్టు గెలిచింది. మొత్తం ఐదు మ్యాచ్‌ల్లో 71 పరుగులు. చెన్నై తన చరిత్రలో తొలిసారి పట్టికలో అట్టడుగున నిలిచింది. నవంబరులో రషీద్‌ను వదులుకుంది.

ఇక్కడే చాలామంది నీరుగారిపోయారు. పోవాల్సిన పని లేదు. ఐదు టీ20 ఇన్నింగ్స్‌లతో ఒక బ్యాటర్ జాతకం తేలదు. నాలుగు రోజుల ఆటలో రెండొందలు కొట్టే ఓపిక ఉన్నవాడు రంజీ జట్టుకు దొరకడం అంతకంటే పెద్ద లాభం.

నిజానికి చెన్నై చరిత్రే మంచి పాఠం చెబుతుంది. 2020లో ఆ జట్టు మొదటిసారి ప్లేఆఫ్స్‌కు చేరలేదు. ఇక పోయేదేమీ లేని చివరి మూడు మ్యాచ్‌ల్లో రుతురాజ్ గైక్వాడ్ అనే కుర్రాడు వరసగా మూడు అర్ధసెంచరీలు చేశాడు. మరుసటి ఏడాది 635 పరుగులతో ఐపీఎల్‌లో అందరికంటే ముందు నిలిచాడు, కప్పు చెన్నైకి వచ్చింది. 2022లో తొమ్మిదో స్థానం, 2023లో మళ్లీ కప్పు. ఆ రెండు కప్పుల జట్లలోనూ గుంటూరు బిడ్డ అంబటి రాయుడు ఉన్నాడు. రేసులో లేని జట్టు ఆఖరి మ్యాచ్‌లను ఎవరూ చూడరు. వచ్చే ఏటి ఆటగాడు బయటపడేది చాలాసార్లు అక్కడే.

కబడ్డీలో తెలుగు టైటాన్స్ సంగతి ఇంకా తేటగా ఉంది. ప్రొ కబడ్డీ ఎనిమిదో సీజన్‌లో 22 మ్యాచ్‌లకు ఒక్కటే గెలుపు. తొమ్మిదిలో రెండు. పదో సీజన్‌కు పవన్ సెహ్రావత్‌ను రెండు కోట్ల 60 లక్షలకు పైగా పోసి తెచ్చారు, అయినా రెండే, అయినా అట్టడుగే. పదకొండులో 12 గెలిచి ఏడో స్థానానికి ఎక్కారు. పవన్ వేరే జట్టుకు వెళ్లిపోయాక, 2025లో విజయ్ మలిక్ కెప్టెన్సీలో ఫైనల్‌కు ఒక్క మెట్టు దూరం దాకా వచ్చారు. ఒక్క పేరు మీద డబ్బు కుమ్మరిస్తే మారని జట్టు, పదిమంది కలిసి ఆడితే మారింది.

అమ్మాయిలను మరిచిపోతే ఈ లెక్క పూర్తి కాదు. 2025 నవంబరు 2న భారత మహిళలు ప్రపంచకప్ గెలిచినప్పుడు ఆ జట్టులో కడప జిల్లా స్పిన్నర్ శ్రీచరణి ఉంది, టోర్నీలో 14 వికెట్లతో. రాష్ట్ర ప్రభుత్వం రెండున్నర కోట్ల నగదు, ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. అర్హురాలే, సంతోషమే. అయితే గెలిచొచ్చాక ఇచ్చే కోట్లకు ముందు, ఆడటం మొదలుపెట్టే పదమూడేళ్ల పిల్లకు టర్ఫ్ పిచ్, కోచ్, ఊరికి తిరిగి చేర్చే బస్సు కావాలి. గుంటూరు జేకేసీ కళాశాల మైదానంలో అమ్మాయిల మ్యాచ్‌లు జరిగాయి. ఒంగోలులో సీఎస్ఆర్ శర్మ కళాశాల మైదానం రంజీ మ్యాచ్‌లకే ఆతిథ్యమిచ్చింది. అంటే ఈ నేలకు మైదానాలు కొత్తేమీ కావు.

ఆంధ్ర రంజీలో అడుగుపెట్టింది 1953-54లో. ఇంతవరకు ఒక్క ట్రోఫీ లేదు. రంజీ మ్యాచ్ ఒంగోలుకు, గుంటూరుకు క్రమం తప్పకుండా రావాలి. నాలుగు రోజులూ బడిపిల్లలను టికెట్ లేకుండా లోపలికి పంపాలి. రషీద్ లాంటి వాడు రోజంతా క్రీజులో నిలబడటాన్ని పత్తి చేలలోంచి, మిర్చి కల్లాల మీంచి వచ్చిన పిల్లలు తమ కళ్లతో చూడాలి. దీనికి కొత్త స్టేడియం అక్కర్లేదు. వచ్చే సీజన్ షెడ్యూలు వేసేటప్పుడు ఆంధ్ర క్రికెట్ సంఘం ఈ రెండు ఊళ్ల పేర్లు అడిగితే చాలు.