ఆటల రోజు అందరికీ అందాలి



ఖతర్ జాతీయ క్రీడా దినోత్సవం మీద గత సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఏడాదికొక రోజు పరుగెత్తితే ఒరిగేదేమిటన్న రచయిత మాటతో నేను ఏకీభవించను. 2011లో వెలువడిన అమీరీ ఉత్తర్వుతో, 2012 నుంచి ఏటా ఫిబ్రవరి రెండో మంగళవారం ఇక్కడ సెలవు. ఆ రోజు దోహా కార్నిష్ మీద, ఆస్పైర్ పార్కులో పిల్లాపాపలతో కుటుంబాలు నడుస్తాయి. ఎన్నడూ ఆడనివాళ్లు బంతి పట్టుకుంటారు. అలవాటుకు మొదటి అడుగంటూ ఒకటి పడాలి కదా!

రచయిత వదిలేసిన సంగతి వేరే ఉంది. జగిత్యాల, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి వచ్చిన మన కార్మికులకు ఆట అంటే శుక్రవారం ఇండస్ట్రియల్ ఏరియాలో దొరికే ఖాళీ జాగా. ఇటుకలు పేర్చి వికెట్లు, టేపు చుట్టిన టెన్నిస్ బంతి, పొద్దుగూకితే ఆట బంద్. ఇక్కడి ఎండ సంగతి తెలిసిందే: జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఆరుబయట పనే నిషేధం. కాబట్టి కార్మికులుండే క్యాంపుల దగ్గర లైట్లున్న మైదానాలు, తాగునీళ్లు, రానుపోను బస్సు కావాలి. పండుగ సభలు ఘనంగా జరిపే మన తెలుగు సంఘాలు ఈ బాధ్యతా తలకెత్తుకోవాలి. వచ్చే ఫిబ్రవరికే పూనుకోవాలని నా మనవి.

– ఒక పాఠకుడు, దోహా