తాళము వేసిన బీరువా



మన పిల్లలు చదువుట లేదని మొరపెట్టుట ఈ దినములలో ఒక ఆచారమైపోయినది. పాఠశాల వార్షికోత్సవమునకు పోయినను అదే మాట. ఆదివారము ఆరాధన ముగిసి వేపచెట్టు క్రింద నిలిచినను అదే మాట. తల్లిదండ్రులు సెల్‌ఫోనును తిట్టుదురు, ఉపాధ్యాయులు తల్లిదండ్రులను తిట్టుదురు, మావంటి బోధకులము ఇద్దరిని కలిపి మందలింతుము. ఫోనును నేను వెనుకవేసికొని రావడము లేదు. రాత్రి పదకొండు గంటలకు తొమ్మిదవ తరగతి చదువు మా అక్క మనుమడు దుప్పటిలో దూరి దానిని చూచుచుండగా నేనే పట్టుకొంటిని. అయినను ఒక్క ప్రశ్న అడుగనిండు. ఆ ఫోను చేతికి రాకముందు మన పిల్లలకు మనము ఏ పుస్తకము ఇచ్చితిమి?

జగిత్యాల ప్రాంతమున ఒక ఉన్నత పాఠశాలలో బహుమానములు పంచుటకు నన్ను పిలిచిరి. ప్రధానోపాధ్యాయుని గదిలో గోడనానుకొని ఒక ఇనుప బీరువా యున్నది. దాని అద్దములోనుండి కథల పుస్తకములు, మహనీయుల జీవితచరిత్రలు కనబడుచున్నవి. తాళపుచెవి ఎక్కడనని అడిగితిని. గ్రంథాలయమునకు బాధ్యుడైన సారు బదిలీయై పోయెననియు, ఒక పుస్తకము తక్కువైనను లెక్క చెప్పవలసినవారు తామే గనుక ఎవరును దానిని తెరువ సాహసింపలేదనియు చెప్పిరి. నేను వారిని నిందింపను. పుస్తకము పోయినయెడల సంజాయిషీ అడుగు అధికారి గలడు. పుస్తకమును ఎవరును తెరువకపోయినయెడల అడుగు అధికారి ఒక్కడును లేడు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకు గ్రంథాలయము ఉండవలెననియు, అందులో వార్తాపత్రికలు, మాసపత్రికలు, కథల పుస్తకములు ఉండవలెననియు తన అనుబంధములో వ్రాసికొన్నది. ఉండవలెనన్నారు, ఉన్నవి. అద్దము వెనుక ఉన్నవి!

“ఈ పిల్లలకు అక్షరమే కుదురుగా రాదు, ఇక కథల పుస్తకములెందుకు?” అని అడుగువారు కొందరున్నారు. అట్టివారు వేసవిలో ఒకసారి కొండగట్టు దిగువన నిలిచి చూడవలెను. నలుబదియొక్క దినముల మాల వేసికొని, కాషాయ వస్త్రములతో కొండకు వచ్చువారిలో ఉన్నత పాఠశాల బాలురు అనేకులుందురు. అంగళ్లలో అరచేతిలో ఇముడు చిన్న స్తోత్రపుస్తకములు అమ్ముచుందురు. నేను కరీంనగరు బస్సు కొరకు కాచుకొనియుండగా, ఒక బాలుడు అట్టి పుస్తకము విప్పి, నోరు తిరుగని సంస్కృత సమాసములను వ్రేలుపెట్టి కూడబలుకుకొనుచు చదువుచుండెను. తప్పినచోట ఆగి, మరల మొదటికి వచ్చి, సరిగా పలుకువరకు ముందుకు పోలేదు. ఎవరును వానికి మార్కులు వేయుట లేదు. నేను ఆ మతమువాడను కాను. అయినను ఆ శ్రద్ధ యెదుట నాకు సిగ్గు కలిగెను. మాటలలో పెట్టి అడుగగా, తాను తెలుగులో వెనుకబడినవాడనని బడిలో చెప్పిరనెను. నాకు నవ్వు వచ్చెను, కోపమును వచ్చెను. వెనుకబడినది వాడా, వానికి కావలసిన పుస్తకము వెదకి ఇవ్వని మనమా?

ఈ నేలకు ఇది క్రొత్త సంగతి కాదు. ఇప్పటి రాజన్న సిరిసిల్ల జిల్లాలో, వేములవాడ చేరువనున్న హనుమాజీపేటలో 1931లో ఒక రైతు ఇంట సి. నారాయణరెడ్డిగారు జన్మించిరి. నిజాము ఏలుబడిలో బడి చదువు ఉర్దూలో నడిచెడిది. సిరిసిల్లలోను కరీంనగరులోను వారు చదివినది ఉర్దూలోనే. హైదరాబాదుకు పోయి బి.ఏ. చదివినదియు ఉర్దూలోనే. మరి అంతటి తెలుగు ఎచ్చటనుండి వచ్చెను? చిన్ననాడు ఊరిలో విన్న హరికథలు, జంగము కథలు చెవిలో నిలిచియుండెను. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయములో కూర్చుండి తెలుగు గ్రంథములు చదివిరి. ఆ నిలయమును 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మొదలగువారు స్థాపించిరి. తెలుగునకు ప్రభుత్వపు ఆదరణ లేని కాలమది, చందాలతో నడిపిన పని అది. అచ్చట చదువుకొన్న ఆ యువకుడే తెలుగు ఆచార్యుడై, ‘విశ్వంభర’ కావ్యమునకు 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము పొందెను. ఆ పుస్తకముల మీద వారికి పరీక్ష పెట్టినదెవరు? ముందు కథ విని చెవి రుచిమరిగినది. తరువాత తలుపు తెరచియున్న పుస్తకశాల దొరకినది. ఈ రెండింటిలో మన పిల్లలకు మనము ఏది ఇచ్చుచున్నాము? ఇంట కథ చెప్పువారు లేరు, బడిలో బీరువా తెరచువారు లేరు.

హోటలులో సర్వరుగా పనిచేసిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకములు తానే మోసికొని ఊరూర అమ్మెను. చదువరి వచ్చునని అంగడిలో కూర్చుండలేదు. మనమో, చదువరి ఎదుటనే కూర్చుండియుండగా తాళము వేసికొనుచున్నాము.

ఇక నా తప్పును చెప్పుకొందును. ఇరువది ఏండ్ల క్రిందట కోరుట్ల ప్రాంతమున నేను సేవ చేయుచున్నప్పుడు, ఆదివారపు బడిలో ఒక బాలిక బల్ల క్రింద డిటెక్టివు నవల చదువుచు పట్టుబడెను. పదవ తరగతి పిల్ల. తల్లి బీడీలు చుట్టును, తండ్రి మస్కటులో కూలి. నవల లాగికొని, అందరి యెదుట గద్దించి, దానికి బదులుగా ఒక భక్తుని జీవితచరిత్రను చేతిలో పెట్టితిని. వారము తరువాత ఆమె దానిని ఒక మడత పడకుండ తెచ్చి ఇచ్చెను. మొదటి పుటయైనను విప్పలేదని చూడగానే తెలిసినది. ఆ నవల ఏమాయెనందురా? హంతకుడెవడో తెలిసికొనక నిద్రపట్టక, నేనే ఆ రాత్రి కడవరకు చదివితిని! అటు తరువాత ఆమె చేతిలో నేను ఏ పుస్తకమును చూడలేదు. ఈ మధ్య ఆమె తన భర్తకు గల్ఫు ఏజెంటు ఇచ్చిన ఒక కాగితము పట్టుకొని నా యొద్దకు వచ్చెను. ఒక పుట, అదియు తెలుగులోనే. “నీకు చదువు వచ్చును గదమ్మా” అంటిని. “చదివే అలవాటు తప్పింది అయ్యగారూ, మీరే చూసి చెప్పుండ్రి” అనెను. డబ్బు అప్పటికే కట్టివేసిరి. చూపుడు వీసా మీద పంపుటకు వ్రాసిన షరతులవి. ఆమె సంతకము క్రింద నా పేరును ఉండవలసినదని నాకు తోచినది.

చెడ్డ పుస్తకములు పిల్లలను చెరుపునని భయపడువారు చాలమంది. మనలో ఎందరము చందమామలోని భేతాళుని వెంబడించి చదువు నేర్చుకొనలేదు? రాక్షసులు, మాంత్రికులు, శ్మశానములు నిండిన ఆ కథలు చదివినవారు ఇప్పుడు సంఘపెద్దలై సంచరించుచున్నారు. ఆ పత్రికయు ఇప్పుడు రావడము లేదు. కొండగట్టు ప్రక్కన నాచుపల్లిలో ఇంజనీరింగు కళాశాల వచ్చినది మొదలు, బస్సు కిటికీలోనుండి వ్రేలు చూపి “అందులో సీటు రావాలె బిడ్డా” అను తండ్రులను చూచుచున్నాను. ఆశపడుట మంచిదే. అయితే గైడులకు వందల రూపాయలు తీయు చేయి, కథల పుస్తకమునకు అరువది రూపాయలనగానే దండుగ అని ముడుచుకొనును. చెరసాలలోనున్న పౌలు సహితము చలికి అంగీతోపాటు పుస్తకములు తెమ్మని తిమోతికి కబురుచేసెను. మన ఇండ్లలో పెద్దవారి చేతిలో పుస్తకము ఏనాడు కనబడినది?

డబ్బు లేదను మాట నేను ఒప్పుకొనను. 1960 నాటి గ్రంథాలయ చట్టమును అనుసరించి మన ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను తీసికొనుచున్నారు. మున్సిపాలిటీలు, పంచాయతీలు దానిని వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు చెల్లింపవలెను. మీ రసీదు తీసి చూడుడు. మీ ఊరినుండి ఎంత చెల్లినదో, ఎంత బాకీ నిలిచినదో కార్యాలయమునకు పోయి అడుగుడు. మురుగుకాలువ కొరకు పదిమంది పోదుము గదా, దీనికొరకు ఇద్దరు పోలేరా?

పాఠశాలను నేను అడుగునది స్వల్పము. గ్రంథాలయపు పీరియడును గణితమునకు అప్పగింపకుడు. ఆ గంటలో పిల్లవాడు కోరినది చదువనిండు. చదివిన తరువాత నీతి ఏమని అడుగకుడు, సారాంశము వ్రాయింపకుడు. సారు కూడ ఒక పుస్తకము పట్టుకొని వారి నడుమ కూర్చుండవలెను. పదింటిలో రెండు పోవును. పోనిండు, లెక్కలో కొట్టివేయుడు.

ఆ పాఠశాలకు మరల పోతిని. తాళము పగులగొట్టించిరి. పుస్తకములలో సగము చెదపురుగు ముందే చదివివేసినది. మిగిలినవి వరండాలో ఒక బల్లమీద పరచియుంచిరి. మొదటి వారములోనే మూడు మాయమైనవి. అందులో ఒకదానికి కడపటి పుటలు లేవట. దానిని ఎవరు కొనిపోయిరో విచారింపవద్దని ప్రధానోపాధ్యాయుని వేడుకొని, ఆ కథ ముగింపు నాకు తెలియును గనుక, ఒక కాగితము మీద వ్రాసి ఆ బల్లమీదనే పెట్టి వచ్చితిని.