క్రాప్ చేసిన కొల్లేరు

కొల్లేరు యాత్రా కథనాలన్నీ ఒకే అచ్చులో వస్తున్నాయి. ఆటపాకలో బోటు షికారు, గూడబాతులు, సూర్యాస్తమయం, చివర్లో చేపల పులుసు. "ప్రకృతి ఒడిలో" అన్న మాట ఎక్కడో ఒకచోట పడాల్సిందే. అందంగా రాయడం మీద నాకేం పేచీ లేదు. సగం సరస్సుని దాచేసి అందంగా రాయడం మీదే నా గొడవ.

ఆటపాకలో గూడబాతులు గూళ్లు పెట్టేందుకు అటవీశాఖ ఇనప స్టాండ్లు వేసింది, చెట్లు చాలక. మన ఫోటోల్లో పక్షి ఉంటుంది, స్టాండు ఉండదు. దారి పొడుగునా కనిపించే చేపల చెరువులు, గట్లు, మేత బస్తాలు అసలే ఉండవు. ఫోటోని క్రాప్ చేసుకోండి, పర్లేదు. వ్యాసాన్ని కూడా అలాగే క్రాప్ చేస్తే ఎలా?

కొల్లేరు అంటే వ్యూ పాయింట్ కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదని పట్టి ఉంచి, ఉప్పుటేరు గుండా సముద్రానికి వదలడం దాని పని. 1999లో ఐదో కాంటూరు దాకా, సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు తెంపారు. తర్వాత ఆ గట్లు మళ్లీ లేచాయి. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్ జనం మేడల మీదికెక్కి పడవల కోసం చూసినప్పుడు బుడమేరు పేరు అందరికీ తెలిసింది. ఆ ఏరు వెళ్లి కలిసేది మనం సెల్ఫీలు దిగిన ఈ కొల్లేటిలోనే.

ఇక "స్థానిక వారసత్వం" అనగానే కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి దగ్గర ఆగిపోతారు. గుడి సరే, ఆ అమ్మని కొలిచే వాళ్ల సంగతేంటి? నీటి రంగు చూసి చేప జాడ చెప్పే వడ్డి కులస్తుల చదువు వారసత్వం కాదా? వాళ్ల సొసైటీల పేర ఇచ్చిన చెరువులు లీజుల మీద ఎవరి చేతుల్లోకి పోయాయి? గట్లు తెంపినప్పుడు ఎవరి బతుకు తెగింది? "పక్షుల్ని కాపాడండి" అని ఒక్క ముక్కలో తేల్చేసే మన పర్యావరణ ప్రేమకీ ఈ ప్రశ్నలు పట్టవు.

"యాత్రా కథనం రిపోర్టు కాదు కదా" అంటారు. నిజమే, కానీ సాహిత్యం అయినా కావాలి కదా! అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' నవల్లో సరస్సుంది, ఊరుంది, మనుషులున్నారు. మన వ్యాసాల్లో టికెట్టు ధర, టైమింగ్స్ ఉంటున్నాయి.

కొల్లేరు వెళ్లొద్దని ఎవరన్నారు? వెళ్లండి. బోటు నడిపే ఆయన్ని మాత్రం రెండు మాటలు అడగండి: ఈ గట్టు ఎవరిది, మీ నాన్న రోజుల్లో నీళ్లు ఎక్కడిదాకా ఉండేవి? ఆయన చెప్పింది చెప్పినట్టు రాయండి. సూర్యాస్తమయానికి ఒక్క వాక్యం చాలు.