ఎస్‌ఓపీ ఎవరిది వారే రాయాలి

బ్రిటన్ డిగ్రీ కోర్సుల దరఖాస్తులు చూసే యూకాస్, 2026 ప్రవేశాల నుంచి పర్సనల్ స్టేట్‌మెంట్‌ను మూడు ప్రశ్నలుగా మార్చింది: ఈ కోర్సే ఎందుకు, చదువు మిమ్మల్ని దీనికెలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశారు. అన్నీ కలిపి 4,000 క్యారెక్టర్లే. ఇంట్లో దారి చూపేవారు లేని పిల్లలకు ఇది నిజంగా మేలు.

మన దగ్గర అమెరికా ఎంఎస్‌కు వెళ్లే చాలామంది, ఇలాంటిదే అయిన స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఎస్‌ఓపీ)ని కన్సల్టెన్సీలకే అప్పగిస్తున్నారు. ‘చిన్నప్పటి నుంచీ కంప్యూటర్లంటే మక్కువ’ అన్న వాక్యం ఒక ఫైలు నుంచి మరో ఫైలుకు తిరుగుతూనే ఉంటుంది. ఫైనలియర్ ప్రాజెక్టులో సెన్సర్ మొరాయిస్తే రాత్రంతా కూర్చొని కోడ్ తిరగరాసిన సంగతి మాత్రం కాగితమెక్కదు. ప్రొఫెసర్లు వెతికేది దానికోసమే. విద్యార్థి సొంతంగా రాసినదాంట్లో ఇంగ్లిష్ తడబడితే లెక్చరర్లు దిద్దిపెట్టాలి. ఇంజినీరింగ్ కాలేజీలు మూడో ఏడాదిలోనే ఇందుకు కొన్ని తరగతులు కేటాయించాలి.